విస్తరణ నాయకత్వంలో కోచింగ్ నైపుణ్యాలు: రామగుండం బొగ్గు ప్రాంతం నుంచి గ్రహించదగిన పాఠాలు

సారాంశం

పై అధికారి చెప్పిన సమాధానం ఆనాటి సమస్యను తీరుస్తుంది. అదే సమస్య మరో రూపంలో ఎదురైనప్పుడు క్షేత్రస్థాయి ఉద్యోగి మళ్లీ పై అధికారి వైపే చూస్తాడు. ఉద్యోగి తానే గమనించి, కారణం వెదికి, నిర్ణయం తీసుకొనే శక్తిని పెంచే నాయకత్వ పద్ధతిని పని ప్రదేశంలో కోచింగ్ అంటారు. ఆదేశించవలసిన సందర్భం ఏది, ప్రశ్నించి ఆలోచింపజేయవలసిన సందర్భం ఏది అనే వివేచన ఈ నైపుణ్యానికి మూలం. రామగుండం, గోదావరిఖని, జ్యోతినగర్ ప్రాంతపు గనులు, విద్యుత్ కేంద్రం, చుట్టుపక్కల వ్యవసాయ క్షేత్రాల ఉదాహరణలతో ఈ నైపుణ్యాన్ని విస్తరణ విభాగంలో ఎలా పెంపొందించుకోవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

పెద్దపల్లి జిల్లాలోని జ్యోతినగర్ ప్రధానంగా జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ ఉద్యోగుల నివాస ప్రాంతం. 200 మెగావాట్ల యూనిట్లు మూడు, 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు కలిపి 2,600 మెగావాట్ల సామర్థ్యంతో రూపొందిన రామగుండం విద్యుత్ కేంద్రంలో తొలి యూనిట్ 1983లో ఉత్పత్తి ప్రారంభించింది. దానికి బొగ్గు అందించే సింగరేణి గనులు గోదావరిఖని చుట్టూ విస్తరించి ఉన్నాయి. 1999లో మూతపడిన ఎరువుల కర్మాగారం స్థానంలో నెలకొన్న కొత్త యూరియా కర్మాగారం 2021లో వాణిజ్య ఉత్పత్తిని ఆరంభించింది. ఈ పరిశ్రమల సరిహద్దు దాటగానే వరి, పత్తి పొలాలు కనబడతాయి. పగలు గనిలోనో ప్లాంటులోనో షిఫ్టు పూర్తిచేసుకొని, మిగిలిన సమయంలో సేద్యం చూసుకొనే కుటుంబాలు ఇక్కడ కొత్త కాదు.

పరిశ్రమకూ సేద్యానికీ మధ్య ఎంత భేదం ఉన్నా ఒక ప్రశ్న రెండింటికీ ఉమ్మడిగా ఉంది. అనుభవజ్ఞుడి చేతిలోని నైపుణ్యం కొత్తగా చేరినవారి చేతికి ఎలా అందుతుంది? పుస్తకంలో ఉన్నది శిక్షణ తరగతిలో చెప్పవచ్చు. పుస్తకంలో పూర్తిగా ఇమడని తీర్పు మాత్రం పక్కన ఉండి నేర్పవలసినదే.

తెలంగాణ వ్యవసాయ శాఖలో ఈ ప్రశ్నకు ప్రత్యేక ప్రాధాన్యం ఏర్పడింది. సుమారు 5,000 ఎకరాలకు ఒక క్లస్టర్ చొప్పున రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు నిర్మితమయ్యాయి. ప్రతి క్లస్టర్‌కు ఒక వ్యవసాయ విస్తరణ అధికారి బాధ్యత వహిస్తారు. చదువు ముగించి ఉద్యోగంలో చేరిన యువతీ యువకులు ఒక్కసారిగా వందలాది రైతుల ప్రశ్నలకు జవాబుదారులు అవుతారు. పంటల నమోదు, పథకాల వివరాలు, నివేదికలు వారి సమయంలో పెద్ద భాగాన్ని తీసుకుంటాయి. ఆ పరిస్థితిలో మండల వ్యవసాయ అధికారి, సహాయ వ్యవసాయ సంచాలకులు, కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్త వారితో జరిపే సంభాషణ "నివేదిక పంపారా?" అన్నదానితో ఆగిపోతే, పొలంలో తీర్పు చెప్పే శక్తి వారికి ఎక్కడినుంచి రావాలి?

కోచింగ్: పదం, భావం

తెలుగు ప్రాంతాల్లో కోచింగ్ అనగానే పోటీ పరీక్షల శిక్షణ కేంద్రం గుర్తుకు వస్తుంది. అక్కడ బోధకుడు సిద్ధమైన సమాధానాలను వీలైనంత వేగంగా విద్యార్థికి అందిస్తాడు. పని ప్రదేశంలో ఈ పదానికి దాదాపు వ్యతిరేకమైన అర్థం ఉంది. సమాధానం అందించడం దాని లక్ష్యం కాదు. సమాధానాన్ని చేరే దారిని ఉద్యోగి స్వయంగా నడవగలిగేలా చేయడం దాని లక్ష్యం.

ఈ భావనకు క్రీడారంగం నుంచి పునాది పడింది. అమెరికాకు చెందిన టెన్నిస్ శిక్షకుడు తిమోతి గాల్వే 1974లో ప్రచురించిన గ్రంథంలో, ఆటగాడికి సూచనల మీద సూచనలు ఇవ్వడం కంటే బంతి కదలికపై అతని దృష్టిని నిలపడం మేలైన ఫలితాన్నిస్తుందని ప్రతిపాదించాడు. బ్రిటన్‌కు చెందిన జాన్ విట్‌మోర్ 1992 నాటి తన గ్రంథం ద్వారా ఈ ఆలోచనను కార్యాలయాలకు, కర్మాగారాలకు విస్తృతంగా పరిచయం చేశాడు. లక్ష్యం, వాస్తవ స్థితి, ప్రత్యామ్నాయాలు, సంకల్పం అనే నాలుగు మెట్ల సంభాషణ క్రమం ఆ గ్రంథంతో ప్రచారంలోకి వచ్చింది.

నాయకుడు నిర్వహించే నాలుగు పాత్రలను ఇక్కడ వేరుచేసి చూడాలి. ఆదేశించడంలో ఏమి చేయాలో నాయకుడు నిర్ణయిస్తాడు. బోధించడంలో తనకు తెలిసిన విషయాన్ని వివరిస్తాడు. మెంటరింగ్‌లో తన అనుభవాన్ని పంచుకొని, ఉద్యోగి వృత్తి జీవితానికి దారి చూపుతాడు. కోచింగ్‌లో ఉద్యోగి ఎదుర్కొంటున్న నిర్దిష్టమైన పనిని ఆధారం చేసుకొని, అతని పరిశీలనను, ఆలోచనను పదునుపెడతాడు. నాలుగూ అవసరమైనవే. ఒక పాత్రకు అలవాటుపడి అన్ని సందర్భాలలో దానినే వాడటం వల్ల ఇబ్బంది కలుగుతుంది. విస్తరణ విభాగంలో మొదటి రెండు పాత్రలు బలంగాను, నాలుగవది బలహీనంగాను ఉండటం సాధారణం.

గని నేర్పే హద్దు

భూగర్భ గనిలో పైకప్పు పరీక్ష చిరకాలపు నైపుణ్యం. అనుభవమున్న మైనింగ్ సర్దార్ కర్రతోనో ఇనుప కడ్డీతోనో పైకప్పును తట్టి వింటాడు. గట్టి రాయి ఖంగున పలుకుతుంది. పొర విడిన చోట బోలు చప్పుడు వస్తుంది. రెండింటి మధ్య భేదాన్ని ఎంత వివరించినా చెవికి పట్టదు. కొత్తవాడు అనుభవజ్ఞుడి పక్కన నిలబడి, తాను తట్టి, తాను విని, తన అంచనాను బయటికి చెప్పి, దానిని సరిచూసుకున్నప్పుడే ఆ నైపుణ్యం అలవడుతుంది. "ఈ చోటు నీకు ఎలా వినబడింది?" అన్న ఒక్క ప్రశ్న అక్కడ పెద్ద పాఠమవుతుంది.

అదే గనిలో ప్రశ్నకు తావులేని విషయాలు కూడా ఉన్నాయి. 1952 గనుల చట్టం, 2017 బొగ్గు గనుల నిబంధనలు సర్దార్, ఓవర్‌మ్యాన్ వంటి బాధ్యతలకు అర్హతా పత్రాన్ని తప్పనిసరి చేశాయి. కొత్త కార్మికుల శిక్షణకు 1966 గనుల వృత్తి శిక్షణ నియమాలు ఉన్నాయి. ఆధారం లేని పైకప్పు కిందికి వెళ్లవచ్చునా, పేలుడు సమయంలో ఎక్కడ నిలబడాలి అనే విషయాల్లో చర్చ ఉండదు, ఆజ్ఞ ఉంటుంది. విద్యుత్ కేంద్రంలో పనికి ముందు యంత్రాన్ని విద్యుత్ నుంచి వేరుచేసి, పని అనుమతి పత్రం పొందే క్రమం కూడా అటువంటిదే. అక్కడ "మీ అభిప్రాయం ఏమిటి?" అని అడగడం నాయకత్వం కాదు, బాధ్యతను విడిచిపెట్టడం.

కాబట్టి ప్రాణహాని, చట్టం, తిరిగి సరిదిద్దలేని నష్టం ఉన్నచోట ఆదేశం తగినది. పరిశీలన, అంచనా, ఎంపిక అవసరమైన చోట కోచింగ్ తగినది. బాగా నడిచే గనిలో ఈ రెండూ ఒకే మనిషిలో, ఒకే షిఫ్టులో కనబడతాయి.

వ్యవసాయ విస్తరణకు ఈ హద్దును యథాతథంగా అన్వయించవచ్చు. పురుగుమందు పిచికారీలో రక్షణ దుస్తులు, లేబుల్‌పై ఉన్న మోతాదు, నిషేధిత మందులు, అనుమతి లేని విత్తనాలు, పథకాల అర్హతా నిబంధనలు ఆదేశ పరిధిలోనివి. వీటిపై విస్తరణ అధికారికి స్పష్టమైన సూచన వెంటనే అందాలి. పైరులో కనబడే లక్షణానికి కారణం ఏమిటి, పురుగు ఉద్ధృతి ఆర్థిక నష్ట పరిమితిని చేరిందా, ఈ గ్రామంలో ఏ రైతు పొలంలో ప్రదర్శనా క్షేత్రం పెట్టాలి, షిఫ్టులకు వెళ్లే రైతులకు సమావేశం ఏ వేళకు పెట్టాలి అనేవి తీర్పు పరిధిలోనివి. ఇవి కోచింగ్‌కు అనువైన నేల.

విస్తరణ చరిత్రలో రెండు ధోరణులు

1970ల నుంచి భారత రాష్ట్రాల్లో అమలైన శిక్షణ-సందర్శన పద్ధతిలో విషయ నిపుణులు పక్షానికొకసారి గ్రామ విస్తరణ అధికారులకు శిక్షణ ఇచ్చేవారు. వారు నిర్ణీత రోజున రైతులను కలిసి ఆ సందేశాన్ని చేరవేసేవారు. డేనియల్ బెనోర్ పేరుతో ముడిపడిన ఈ పద్ధతి క్రమశిక్షణను, క్రమబద్ధమైన సందర్శనను తెచ్చింది. అయితే సందేశం పైనుంచి కిందికి ప్రవహించే స్వభావం వల్ల క్షేత్రస్థాయి ఉద్యోగి వార్తాహరుడి పాత్రకు పరిమితం కావడం జరిగింది.

ఇందుకు భిన్నమైన ధోరణి 1989లో ఇండోనేషియా వరి పొలాల్లో మొదలైంది. విచ్చలవిడి పురుగుమందుల వాడకంతో సుడిదోమ విజృంభించిన నేపథ్యంలో ఆ దేశం 1986లో వరిపై 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది. ఆ తరువాత ఏర్పడిన రైతు క్షేత్ర పాఠశాలల్లో రైతులు బృందాలుగా పొలంలోకి దిగి, మొక్కలను, పురుగులను, మిత్ర కీటకాలను లెక్కించి, బొమ్మ గీసి, చర్చించి నిర్ణయం తీసుకొనేవారు. తెలుగు ప్రాంతాల్లో ఇదే విధానం 'పొలంబడి'గా పరిచితమైంది.

పొలంబడి నిర్వాహకుడికి నేర్పే తొలి క్రమశిక్షణ ప్రశ్నకు ప్రశ్నతో స్పందించడం. రైతు ఒక పురుగును చూపి "ఇదేమిటి?" అని అడిగితే పేరు చెప్పి ముగించకుండా, "ఎక్కడ దొరికింది? అక్కడ ఏం చేస్తున్నది? అక్కడ ఇంకా ఏమున్నాయి?" అని అడగాలి. పేరు తెలిసిన రైతుకు ఒక మాట మిగులుతుంది. ప్రవర్తన గమనించిన రైతుకు మిత్రపురుగును శత్రుపురుగు నుంచి వేరుచేసే శక్తి మిగులుతుంది. రైతుతో ఇంత ఓపికగా వ్యవహరించాలని విస్తరణ శాస్త్రం ఏనాడో గుర్తించింది. అదే ఓపికను తన సొంత ఉద్యోగుల పట్ల చూపడం ఇంకా అలవాటు చేసుకోవలసి ఉంది.

పరిశ్రమ రంగంలో తెలుగు నేలపైనే సమాంతరమైన అనుభవం ఉంది. హైదరాబాద్ సమీపంలోని రామచంద్రాపురం భెల్ కర్మాగారంలో 1980 ప్రాంతంలో దేశంలోనే తొలి క్వాలిటీ సర్కిళ్లు ఏర్పడ్డాయి. ఒకే విభాగంలో పనిచేసేవారు చిన్న బృందంగా కూర్చొని, తమ పనిలోని లోపాలను తామే గుర్తించి, కారణాలు వెదికి, పరిష్కారం ప్రతిపాదించే పద్ధతి ఇది. ఇందులో సూపర్‌వైజర్ పాత్ర ఆజ్ఞాపించడం నుంచి చర్చను నడిపించడానికి మారుతుంది. పనిచేసేవాడికి పని గురించి తెలుసునన్న విశ్వాసం ఈ విధానానికి ఆధారం.

పెంపొందించుకోవలసిన ఐదు నైపుణ్యాలు

1. ప్రత్యక్ష పరిశీలన: ఉద్యోగి పనిని చూడకుండా చేసే కోచింగ్ ఊహాగానమే. నెలకు ఒకటి రెండుసార్లు విస్తరణ అధికారితో కలిసి పొలానికి వెళ్లి, రైతుతో ఆయన మాట్లాడే తీరును మధ్యలో కలుగజేసుకోకుండా చూడటం మొదటి మెట్టు. శాస్త్రవేత్త పక్కన ఉంటే రైతు సహజంగా ఆయన వైపే తిరుగుతాడు. అప్పుడు "మీ విస్తరణ అధికారి పొలం చూశారు, ఆమె చెబుతారు" అని మాటను ఆమెకు అప్పగించడం ఉద్యోగి గౌరవాన్ని నిలబెడుతుంది.

2. వినడం: ఉద్యోగి చెప్పే సమస్య సగంలో ఉండగానే సమాధానం స్ఫురించడం అనుభవజ్ఞుల బలం, ఆ సమాధానాన్ని వెంటనే పలకడం వారి బలహీనత. మాట పూర్తయ్యాక కొన్ని క్షణాలు మౌనంగా ఉండటం వల్ల ఉద్యోగి తరచుగా తాను విడిచిన ముఖ్యాంశాన్ని తానే జోడిస్తాడు. విన్నదాన్ని ఒక వాక్యంలో తిరిగి చెప్పి సరిచూసుకోవడం కూడా వినడంలో భాగమే.

3. ప్రశ్నించడం: "జింకు వేయించారా?" అన్నది ప్రశ్న రూపంలోని సమాధానం. "ఆకుపై ఏ భాగంలో లక్షణం మొదలైంది?" అన్నది పరిశీలనకు పంపే ప్రశ్న. "ఎందుకు చేయలేదు?" అన్న ప్రశ్న సంజాయిషీని రాబడుతుంది, "ఏది అడ్డుపడింది?" అన్న ప్రశ్న సమాచారాన్ని రాబడుతుంది. ప్రశ్నలు లక్షణం నుంచి కారణానికి, కారణం నుంచి ప్రత్యామ్నాయాలకు, అక్కడినుంచి నిర్ణయానికి సాగాలి.

4. అభిప్రాయం తెలపడం: చేసిన పనిపై వ్యాఖ్యానం ఎప్పుడూ మేలే చేస్తుందని భావించరాదు. 1996లో క్లూగర్, డినీసీ అనే పరిశోధకులు ఈ విషయంపై అనేక అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. సగటున పనితీరు మెరుగుపడినా, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో అది తగ్గినట్లు వారు కనుగొన్నారు. వ్యాఖ్యానం పని నుంచి వ్యక్తి వైపు మళ్లే కొద్దీ దాని ప్రయోజనం క్షీణిస్తుందని వారు వివరించారు. పొగడ్తకు కూడా ఇది వర్తిస్తుంది. అందువల్ల సందర్భం, చేసిన పని, దాని ప్రభావం అనే క్రమంలో మాట్లాడాలి. "మీకు శ్రద్ధ లేదు" అనడానికి బదులు, "నిన్నటి సమావేశంలో మందు పేరు చెప్పారు, లీటరు నీటికి ఎంత కలపాలో చెప్పలేదు, ఇద్దరు రైతులు దుకాణంలో అడిగి ఎక్కువ మోతాదు కొన్నారు" అంటే సరిదిద్దుకోవలసినది స్పష్టమవుతుంది.

5. అప్పగించి అనుసరించడం: సంభాషణ ముగింపులో ఎవరు, ఏమి, ఎప్పటిలోగా చేయాలో ఉద్యోగి నోటనే రావాలి. ఆ తేదీన నాయకుడు గుర్తుపెట్టుకొని అడగాలి. అడగని అప్పగింత కొద్ది వారాల్లోనే లాంఛనంగా మారుతుంది.

పత్తి ఎర్రబడినప్పుడు: ఒక నమూనా సంభాషణ

ఈ నైపుణ్యాలు ఆచరణలో ఎలా కలుస్తాయో చూపడానికి కింది సంభాషణ ఊహాత్మక ఉదాహరణగా ఇవ్వబడింది. కొత్తగా చేరిన విస్తరణ అధికారి పొలం నుంచి శాస్త్రవేత్తకు ఫోన్ చేసిన సందర్భం ఇది.

— సార్, నమస్కారం. ఇక్కడ నాలుగైదు పొలాల్లో పత్తి ఆకు ఎర్రబడుతున్నది. రైతులు మందు అడుగుతున్నారు. ఏం కొట్టించమంటారు?

— నమస్కారమండి. ముందు మీరు చూసింది చెప్పండి. ఎరుపు మొక్కలో ఎక్కడ మొదలైంది?

— కింది ఆకుల్లోనే ఎక్కువ సార్. పై ఆకులు పచ్చగానే ఉన్నాయి.

— ఎర్రబడిన ఆకులో ఈనెలు ఎలా ఉన్నాయి?

— ఈనెలు పచ్చగా ఉన్నాయి. ఈనెల మధ్య భాగమే ఎర్రబడింది.

— ఆకును తిప్పి చూస్తే ఏం కనబడుతున్నది? ఓ పది మొక్కలు చూసి చెప్పండి, నేను ఫోన్‌లోనే ఉంటాను.

— చూశాను సార్. పచ్చదోమ అక్కడక్కడ ఒకటి ఉంది, ఆకుకు రెండు కూడా లేవు. అంచులు ముడుచుకోలేదు.

— అయితే మీ అంచనా ఏమిటి?

— మెగ్నీషియం లోపం అనుకుంటున్నాను. లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ పిచికారీ చెప్పవచ్చా సార్?

— మీరు చూసిన ఆధారాలు ఆ అంచనాకు సరిపోతున్నాయి. మోతాదు సరైనదే. మిగతా పొలాల్లోనూ ఇదే కారణమని ఎలా తేలుస్తారు?

— వాటిలోనూ పదేసి మొక్కలు చూస్తాను. ఒక పొలంలో నీరు నిలిచింది సార్, దానిని వేరుగా చూడాలి.

— మంచిది. సాయంత్రం పొలంవారీగా రాసి పంపండి. నీరు నిలిచిన పొలానికి శుక్రవారం కలిసి వెళదాం.

ఈ సంభాషణలో శాస్త్రవేత్త సమాధానాన్ని దాచిపెట్టి పరీక్ష పెట్టలేదు. మెగ్నీషియం లోపానికీ, పచ్చదోమ వల్ల అంచులు ఎర్రబడి ఆకు ముడుచుకోవడానికీ మధ్య భేదాన్ని ఆమె కళ్లతోనే చూసేలా ప్రశ్నలను అమర్చారు. మోతాదు విషయానికి వచ్చినప్పుడు ప్రశ్నను ఆపి, సూటిగా ధ్రువీకరించారు. అది ఆదేశ పరిధిలోని విషయం. ఆమె తప్పు మోతాదు చెప్పి ఉంటే తక్షణం సరిదిద్దవలసి వచ్చేది. ఫోన్ తీయగానే ఒక మందు పేరు చెప్పి ఉంటే సంభాషణ అర నిమిషంలో ముగిసేది. అయితే అవసరం లేని పురుగుమందు ఖర్చు రైతుపై పడే ప్రమాదం ఉండేది. నీరు నిలిచిన పొలం సంగతి బయటికి వచ్చేదే కాదు. మరుసటి పంట కాలంలో అదే ప్రశ్నతో అదే ఫోన్ మళ్లీ వచ్చేది.

తప్పు చెప్పుకోగల వాతావరణం

పై సంభాషణలో ఉద్యోగిని తన అంచనాను ధైర్యంగా బయటపెట్టింది. ఆ ధైర్యం వ్యక్తి స్వభావం మాత్రమే కాదు, నాయకుడు కల్పించిన వాతావరణం కూడా. ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లపై పరిశోధించిన ఏమీ ఎడ్మండ్‌సన్, మంచి నాయకత్వమున్న విభాగాల్లో నమోదైన పొరపాట్లు ఎక్కువగా ఉండటం గమనించింది. అక్కడివారు ఎక్కువ తప్పులు చేస్తున్నారని దీని అర్థం కాదు; తప్పును దాచవలసిన భయం లేనందువల్ల అవి వెలుగులోకి వస్తున్నాయని ఆమె వివరణ. ఒక తయారీ సంస్థలోని 51 బృందాలపై 1999లో ప్రచురించిన ఆమె అధ్యయనం, నిర్భయంగా మాట్లాడగల బృందాలే ఎక్కువగా నేర్చుకుంటాయని చూపింది.

గనిలో త్రుటిలో తప్పిన ప్రమాదాన్ని కార్మికుడు చెప్పుకోగలిగితే మరుసటి షిఫ్టువారి ప్రాణం నిలుస్తుంది. విస్తరణలో తప్పుడు సిఫారసును ఉద్యోగి వెంటనే చెప్పుకోగలిగితే మిగతా రైతుల పెట్టుబడి నిలుస్తుంది. పంటకాలం ముగిశాక తెలిసే తప్పుకు దిద్దుబాటు లేదు. నలుగురి ముందు మందలింపు ఒక్కసారి జరిగినా, ఆ కార్యాలయంలో చెడు వార్త పైకి రావడం ఆగిపోతుంది. పని సమీక్షను అందరి ఎదుట, పని విమర్శను ఒంటరిగా జరపడం అందుకే అవసరం.

ఆచరణలో అవరోధాలు

మొదటిది సమయం. వరినాట్లు, పత్తి కొనుగోళ్ల కాలంలో ఏ అధికారికీ తీరిక ఉండదు. అయితే కోచింగ్‌కు ప్రత్యేక సమావేశం అక్కరలేదు. పొలానికి వెళ్లే దారిలో, ఫోన్‌లో, వారపు సమీక్ష చివరి పది నిమిషాల్లో జరిగే సంభాషణ స్వభావం మారితే చాలు.

రెండవది హోదా. "సార్ చెబితే చేస్తాం" అన్న మాటలో మర్యాద ఉంది. బాధ్యత నుంచి తప్పుకొనే వెసులుబాటు కూడా ఉంది. తొలిసారి "మీరేమంటారు?" అని అడిగినప్పుడు ఉద్యోగి తనను పరీక్షిస్తున్నారని అనుమానించవచ్చు. నాయకుడు తన ఉద్దేశాన్ని ముందే చెప్పి, వచ్చిన సమాధానాన్ని గౌరవించి, సాధ్యమైన చోట అమలు చేసినప్పుడే ఆ అనుమానం పోతుంది.

మూడవది ఉద్యోగి స్థాయిని పట్టించుకోకపోవడం. విషయమే తెలియని వ్యక్తిని ప్రశ్నలతో వేధించడం కోచింగ్ కాదు. పత్తిలో పచ్చదోమను ఎన్నడూ చూడని వారికి ముందు దానిని చూపించాలి. 1969లో హెర్సీ, బ్లాంచర్డ్ ప్రతిపాదించిన సందర్భానుసార నాయకత్వ సిద్ధాంతం చెప్పేది ఇదే: కొత్తవారికి సూచన ఎక్కువ, నేర్చినవారికి స్వేచ్ఛ ఎక్కువ. అనుభవజ్ఞుడైన ఉద్యోగికి కూడా కొత్త పంట వచ్చినప్పుడు మళ్లీ సూచన అవసరమవుతుంది.

నాలుగవది శిక్షణపై అతి విశ్వాసం. ఉపాధ్యాయ శిక్షణపై 1980లలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ చేసిన కృషి, సిద్ధాంతం, ప్రదర్శన, అభ్యాసం ఉన్న తరగతుల తరువాత కూడా పని ప్రదేశంలో తోడ్పాటు లేకపోతే కొత్త నైపుణ్యం తరగతి గదిలోనే మిగిలిపోతుందని ఎత్తిచూపింది. రైతు వేదికల్లో దృశ్య మాధ్యమం ద్వారా జరిగే కార్యక్రమాలకు కూడా ఇది వర్తిస్తుంది. అవి సమాచారాన్ని ఒకేసారి వేలమందికి చేరుస్తాయి. ఆ సమాచారం స్థానిక పొలంలో నిర్ణయంగా మారాలంటే తరువాతి వారంలో ఎవరో ఒకరు విస్తరణ అధికారి పక్కన నిలబడాలి.

ఒక పంటకాలపు అభ్యాస ప్రణాళిక

కోచింగ్ చదివి వచ్చేది కాదు, చేసి నేర్చుకొనేది. ఒక వానాకాలాన్ని అభ్యాస కాలంగా తీసుకోవచ్చు.

మొదటి నెలలో నాయకుడు తన సంభాషణలనే గమనించాలి. రోజుకు ఒక సంభాషణను ఎంచుకొని, అందులో తాను ఇచ్చిన సూచనలెన్ని, వేసిన ప్రశ్నలెన్ని అని డైరీలో రాసుకోవాలి. ఈ లెక్క చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది.

రెండవ నెలలో ఇద్దరు ఉద్యోగులను ఎంచుకొని, ఒక్కొక్కరితో ఒకే నైపుణ్యంపై పనిచేయాలి. ఒకరితో వరిలో సుడిదోమ లెక్కింపు కావచ్చు. పిలకల దశలో దుబ్బుకు 10-15, ఈనిక తరువాత 20-25 అనే పరిమితిని వల్లెవేయించడం కాకుండా, పొలంలో ఎన్ని చోట్ల, దుబ్బు ఏ భాగంలో, ఏ వేళ చూడాలో వారే నిర్ణయించి సమర్థించుకోవాలి. మరొకరితో గ్రామసభలో చర్చ నడిపే తీరు కావచ్చు.

మూడవ నెలలో సహచరులు ముగ్గురు ఒక జట్టుగా ఏర్పడాలి. ఒకరు సమస్య చెప్పేవారు, ఒకరు కోచ్, ఒకరు పరిశీలకుడు. పదిహేను నిమిషాల తరువాత పరిశీలకుడు తాను విన్న ప్రశ్నలను చదివి వినిపిస్తాడు. పాత్రలు మారుతూ సాగుతాయి.

నాలుగవ నెలలో ఫలితాన్ని చూడాలి. ఒకే ప్రశ్నతో మళ్లీ మళ్లీ వచ్చే ఫోన్లు తగ్గాయా? ఉద్యోగి పంపే వివరణలో లక్షణం, ఆధారం, అంచనా వేరువేరుగా కనబడుతున్నాయా? నాయకుడు సెలవులో ఉన్న వారంలో నిర్ణయాలు ఆగాయా, సాగాయా? ఈ మూడు సూచికలకు ప్రత్యేక పత్రాలు అవసరం లేదు.

విద్యార్థులకు కూడా ఇందులో పాత్ర ఉంది. చివరి సంవత్సరపు గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో వారు రైతు కుటుంబాలతో నెలల తరబడి గడుపుతారు. సలహా చెప్పే ముందు మూడు ప్రశ్నలు అడగడం, విన్నదాన్ని తిరిగి చెప్పి సరిచూసుకోవడం అనే రెండు అలవాట్లు అక్కడే పడితే, ఉద్యోగంలో చేరిన తరువాత వారు మంచి సహచరులు, క్రమంగా మంచి నాయకులు కాగలరు. రామగిరిఖిల్లా కృషి విజ్ఞాన కేంద్రం, జగిత్యాల సమీపంలోని పొలాస ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం వంటి సంస్థల శాస్త్రవేత్తలకు, మండల స్థాయి అధికారులకు, విద్యార్థులకు కలిపి ఈ అభ్యాసం నిర్వహించడానికి అవకాశం ఉంది.

ముగింపు

విస్తరణ వ్యవస్థ బలాన్ని అది పంపిన సందేశాల సంఖ్యతో కొలవడం పరిపాటి. పొలం గట్టున నిలబడిన ఉద్యోగి, పై అధికారి ఫోన్ అందని వేళ కూడా సరైన నిర్ణయం తీసుకోగలగడం అంతకన్నా నమ్మదగిన కొలమానం. గనిలో కొత్త సర్దార్ ఒంటరిగా పైకప్పును తట్టి, విన్న చప్పుడును బట్టి మనుషులను ముందుకు పంపాలో వెనక్కి పిలవాలో నిర్ణయించే రోజు వస్తుంది. ఆ రోజుకు అతన్ని సిద్ధం చేయడమే సీనియర్ బాధ్యత. వ్యవసాయ విస్తరణలో ఆ రోజు ప్రతి పంటకాలంలోనూ, ప్రతి క్లస్టర్‌లోనూ వస్తుంది. ఆజ్ఞాపించవలసిన చోట స్పష్టంగా ఆజ్ఞాపిస్తూ, తీర్పు అవసరమైన చోట ఓపికగా ప్రశ్నిస్తూ, పొలంలో పక్కన నిలబడే నాయకుడు ఉన్న చోటే ఆ సిద్ధత ఏర్పడుతుంది.